తొమ్మిది వందలకే కొన్నానని ఒక కాగితం

వాటాదారుల ఫిర్యాదుల విభాగం అధికారి గారి సముఖమునకు,
కంపెనీ ప్రధాన కార్యాలయం, మూడవ అంతస్తు (లిఫ్టు పక్క గది అని ఫోనులో చెప్పినారు).

అర్జీదారు: తమ కంపెనీ షేర్లు కలిగిన ఒక దర్జీ.

విషయం: తమ కంపెనీ షేరు పాత ధరలను వెనక్కి వెళ్లి తగ్గించినందువలన అర్జీదారు సొంత అక్క ఇంట దొంగగా నిలబడవలసి వచ్చుట – నిజమైన ధరను ధ్రువీకరిస్తూ ఒక ఉత్తరం దయచేయించుట – గురించి.

అయ్యా,

ఆ కుర్చీలో అమ్మగారు ఉన్నయెడల 'అమ్మా' అని చదువుకోగలరు. నేను ఆడవారికీ మగవారికీ కుడతాను, నాకు భేదం లేదు.

1. నేను చాలా ఏళ్లుగా కుట్టుపని మీద బతుకుతున్నాను. ఈ మధ్య కొత్త బట్టలు కుట్టించుకునేవారు తగ్గి, రెడీమేడ్ కొని సరిచేయించుకునేవారు ఎక్కువైనారు. నా షాపుకి వచ్చే ప్యాంట్లలో సగానికి పైగా తమ కంపెనీవే. తమ ప్యాంటు ఏ మనిషికైనా పొడవెక్కువే. అయినా ఇంతమంది ఎగబడి కొంటున్నారంటే ఈ కంపెనీకి తిరుగులేదని నేను తీర్మానించుకున్నాను. షేర్ల గురించి నాకు తెలిసిన శాస్త్రం మొత్తం ఇదేనని మనవి.

2. నా షాపుకి ఆనుకుని, ఒకే గోడకి ఆవల, మా అక్క టైపు షాపు ఉన్నది. ఈ అర్జీని టైపు చేయుచున్నదీ ఆమెయే. ప్రస్తుతం ఆమె నాతో మాట్లాడుట లేదు గానీ వచ్చిన పనిని కాదనదు. కనుక నా చేతిరాత కాగితాలను ఇస్త్రీ షాపతని చేత పంపుతున్నాను. ఈ కాగితం కుడి అంచున నిలువునా కనిపించే నల్లగీత ఆమె పాత ప్రింటరు గీసినది. కొత్త ప్రింటరు కోసమని దాచుకున్న పద్ధెనిమిది వేలు తెచ్చి, "ఏరా, ఆ ప్యాంట్ల కంపెనీలో నాకూ నాలుగు పడెయ్. డబ్బులు ఊరికే కూర్చున్నాయి" అన్నది. "ఏడాది తిరిగేసరికి రెండు ప్రింటర్లు కొంటావక్కా" అన్నాను. ఆ మాట అన్న నోటికి కాజా తీసి బొత్తాం పెట్టుకోవాలని ఇప్పుడనిపిస్తున్నది. ఒక్కొక్కటి తొమ్మిది వందల చొప్పున ఇరవై షేర్లు, ఆమెకు ఖాతా లేనందున, నా ఖాతాలోనే కొన్నాను.

(టైపిస్టు గమనిక: "నాలుగు పడెయ్" అని నేను అనలేదు. "నాకూ కొను" అన్నాను. అయినా రాసింది రాసినట్టే కొడుతున్నాను.)

3. కొంతకాలం అంతా బాగానే నడిచినది. ధర తొమ్మిది వందల ఇరవై దాకా పోయినది. నేను కత్తెర పట్టుకునే తీరే మారిపోయినది. ఇంతలో ఒక ఉదయం ఫోను చూస్తే నూట ఎనభై నాలుగు. కళ్లజోడు తుడుచుకుని చూశాను. ఫోను తుడిచి చూశాను. ఖాతాలో ఇరవై షేర్లు బిక్కుబిక్కుమంటూ ఉన్నాయి. ఆ కంగారులో బల్ల మీదున్న ప్యాంటు కాలొకటి మోకాలి దాకా కత్తిరించేశాను. అది కూడా తమ కంపెనీదే. కస్టమరు మంచి మనిషి, రెండో కాలు కూడా కత్తిరించమని నిక్కరు చేయించుకుని పోయినాడు. అక్క ముఖం చూసే ధైర్యం లేక, గోడ దాటి వెళ్లకుండా, మా బావగారికి ఫోను చేసి "మునిగిపోయాం బావా" అని చెప్పితిని. ఆ తర్వాత భయంతో ఖాతా తెరవలేదు.

4. మా బావగారు గోడౌనులో సరుకు సరిచూసే ఉద్యోగి. పెట్టె మీద పది అని రాసుంటే విప్పి, తొమ్మిదే ఉన్నాయేమోనని లెక్కపెట్టుట ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ అదే అలవాటు. ఆ వచ్చే సెలవు రోజున నన్ను కూర్చోబెట్టి, తన ఫోనులో తమ షేరు పాత ధరల గీత తెరిచినారు.

"పడిపోయిందన్నావు. ఎక్కడ పడింది? గీత తిన్నగానే ఉందే!"

"మొన్నటిదాకా తొమ్మిది వందల ఇరవై బావా. నేనే చూశాను."

"ఇందులో ఆ అంకే లేదు. నువ్వు కొన్న రోజు నూట ఎనభై. ఇదిగో, చూడు. మరి తొమ్మిది వందలు ఎవరి చేతిలో పెట్టావు?"

నా కళ్లతో చూసిన పతనం తమ చరిత్రలో లేదు. నా చేత్తో కొన్న ధరా లేదు. బావగారు ఊరుకోక ఇంకో వెబ్‌సైటు తెరిచినారు. అందులో అదే రోజుకు నూట డెబ్బై రెండు. ఒకే కంపెనీ, ఒకే రోజు, మూడు ధరలు. అందులో పెద్దది నేను చెప్పినదే. అక్క అక్కడే కూర్చుని అంతా విన్నది. ఆనాటి నుంచి గోడకి ఆవల కీబోర్డు చప్పుడు తప్ప నాకు ఏదీ వినపడుట లేదు.

5. కొన్ననాటి రసీదు చూపించవచ్చును గదా అని తమకు సందేహం రావచ్చును. ఆ రసీదు మందపాటి కాగితం, వెనక వైపు ఖాళీ. మా వృత్తిలో అటువంటి కాగితాన్ని పారవేయము. దానిని కాలరు నమూనాగా కత్తిరించుకున్నాను. ధర అచ్చైన మూల మెడ వంపులో పోయినది. మిగిలిన ముక్కను జతపరిచితిని. తమ పేరు, తేదీ, నా పేరులో సగం స్పష్టముగానే ఉన్నవి. ఆ కాలరు మాత్రం చక్కగా కుదురుతుంది, అవసరం తీరాక తిప్పి పంపగలరు. ఇంకొక ప్రతి కోసం బ్రోకరు వద్దకు పోగా, వారు ఆ వ్యాపారం మానేసి అదే గదిలో కళ్లజోళ్లు అమ్ముతున్నారు. ఊరికే రాలేక నేను ఒకటి కొనుక్కుని వచ్చితిని.

6. చివరకు తమ హెల్ప్‌లైనుకు ఫోను చేసితిని. ఒక అమ్మాయి ఓపికగా చెప్పినది.

"సార్, కంపెనీ ఒక్కో షేరుని ఐదు చేసింది. మీకు ఇరవై ఉంటే ఇప్పుడు వంద. అందుకే ధర ఐదో వంతైంది. కొత్తవి ఖాతాలోకి రావడానికి ఒకట్రెండు రోజులు పట్టింది, అంతే."

"బాగుందమ్మా. మరి పాత రోజుల ధర ఎందుకు తగ్గించారు? అప్పుడు ఒకటి ఒకటే కదా?"

"తగ్గించకపోతే గీత చూసినవాళ్లు షేరు పడిపోయిందనుకుంటారు సార్."

"తగ్గించారు కాబట్టి నేను తినేశాననుకుంటున్నారమ్మా."

ఆమె, రెండో వెబ్‌సైటువారు మధ్యలో పంచిన డివిడెండు కూడా పాత ధరల్లోంచి తీసేస్తారని, అందుకే నూట డెబ్బై రెండని చెప్పినది. అప్పుడు నాకు తల కొంచెం, తోక కొంచెం తెలిసినది. నేనూ రోజూ నడుములు కుదిస్తాను. కానీ కస్టమరు ఇంటికి పోయి, గోడ మీది పాత ఫొటోలో ప్యాంటు కూడా కుదించి రాను. తమరు ఫొటో కూడా కుదించినారు. గీతకు అది అవసరమేనని ఒప్పుకుంటున్నాను. ఆ ఫొటోలో నేను కూడా ఉన్నానని మాత్రమే నా మొర.

ఫోను పెట్టేసి ఖాతా తెరిస్తే వంద షేర్లు ఉన్నవి. ఈనాటి ధర నూట తొంభై. అంటే నష్టం లేదు, పైగా కాస్త లాభం. జరగని నష్టానికి నేను అన్నం మానేసి, ఒక ప్యాంటును నిక్కరు చేసి, అక్కను పోగొట్టుకున్నాను. ఈ సంగతి బావగారికి చెప్పగా, "ఐదు చేశారని నువ్వంటున్నావు. కాగితం ఏది?" అన్నారు.

7. కావున తమరు దయయుంచి ఈ దిగువ కోరికలను మన్నించవలెను.

(అ) నేను కొన్న తేదీన తమ షేరు ఒక్కొక్కటి తొమ్మిది వందలకు అమ్ముడైనదని, తర్వాతే ఒకటి ఐదైనదని, ముద్ర వేసి ఒక ఉత్తరం. ముద్ర పెద్దదిగా ఉండవలెను. మా బావగారు చిన్న ముద్రలను నమ్మరు.

(ఆ) పాత ధరల గీత పక్కన, 'ఇవి తర్వాత కుదించిన ధరలు, ఎవరినీ అనుమానించవద్దు' అని ఒక ముక్క.

(ఇ) ప్యాంటు పొడవు సంగతి వేరే అర్జీలో విన్నవించుకొందును. అది తగ్గించకుండా ఉంటేనే నాకు గిట్టుబాటు.

అయ్యా, ఇక దాచుకోవలసినది ఏమున్నది. షేరు లేచినా కూలినా నాకు ఒకటే. మా అక్క నన్ను "ఏరా" అని పిలిచి చాలా రోజులైనది. నేను ఆమె సొమ్ము తినలేదని ఆమెకు తెలియాలి. గోడకి ఇవతల కూర్చుని ఆ టకటక వింటూ ఉంటే సూదిలోకి దారం ఎక్కుట లేదు. కొత్త కళ్లజోడు పెట్టుకున్నా ఎక్కుట లేదు.

తీరిక చేసుకుని ఇదంతా చిత్తగించి, నన్ను ఒడ్డున పడేయవలెనని వేడుకొంటూ,

వంద షేర్ల మేరకు తమ విధేయుడు,
దర్జీ
(సంతకం కొరకు ఖాళీ)

జతపరిచినవి: కాలరు ఆకారపు రసీదు ఒకటి.

తా.క.: అయ్యా, ఇది టైపిస్టు సొంతంగా కొడుతున్నది, దీనికి కూలి వేయడం లేదు. మా తమ్ముడు నా డబ్బు తిన్నాడని నేను ఒక్క నిమిషం కూడా అనుకోలేదు. తొమ్మిది వందలైనా నూట ఎనభై అయినా నాకు పట్టలేదు. ఆ ఉదయం గోడకి ఆ పక్క వాడి మిషను మధ్యలో ఆగిపోవడం నాకు వినపడింది. ఏదో అయిందని తెలిసి కుర్చీ తుడిచి పెట్టుకుని కూర్చున్నాను, వచ్చి చెప్తాడని. వాడు రాలేదు. ఎక్కడో గోడౌనులో ఉన్న మా ఆయనకి ఫోను చేశాడు. ఏడవాలంటే అక్క పక్కనే ఉండగా బావ దాకా ఎందుకు పోవాలి? నాకు కోపం వచ్చింది అందుకు. ఇప్పుడు కూడా ఇంత కథ మీకు రాశాడు గానీ, ఆ గోడ చుట్టి నాలుగడుగులు వేయలేదు.

ఉత్తరం తప్పకుండా పంపించండి, మా ఆయన పేరున. ఆయనకి కావాలి, నాకు అక్కర్లేదు. సంతకం చోటు ఖాళీగా వదిలాను. ఇస్త్రీ అతన్ని పంపితే ఈ కాగితం ఇవ్వను. వాడే వచ్చి నా బల్ల దగ్గర నిలబడి పెట్టాలి.

(దిగువన, పెన్నుతో:)

అయ్యా, సంతకం వంకరగా పడినందుకు మన్నించగలరు. పక్కనే నిలబడి తిడుతోంది.