పిన్ని సంతకం

ప్రియమైన పిన్నీ,

ఆ మొదటి మాట అలవాటు కొద్దీ పడింది. ఇక్కడ పెన్ను పావుగంటే ఇస్తారు, కొట్టేస్తూ కూర్చునే తీరిక లేక వదిలేశాను.

ఈ బాలికల గృహానికి వచ్చి ఇరవై రెండు రోజులైంది. రాగానే జడపిన్నులు, పైజమా బొందు లాక్కున్నారు. పక్క మంచం పిల్ల ఎవరిదో తల పగలగొట్టి వచ్చింది. నువ్వేం చేశావని అడిగితే బడి మానేశానన్నాను. పొట్ట పట్టుకుని నవ్వింది. నా కథ కాకపోతే నాకూ నవ్వొచ్చేదే.

అమ్మ ఆస్పత్రి లాండ్రీలో జారిపడి వెన్ను విరగ్గొట్టుకుంటే, ఒళ్ళు తుడవడానికి, పక్క మార్చడానికి ఇంట్లో నేను తప్ప ఎవరున్నారు? నలభై రోజులు బడికి పోలేదు. నీకు తెలుసు. పిల్లల కోర్టులో టైపిస్టువి కదా, నువ్వే ధైర్యం చెప్పావు.

"జడ్జిగారికి ఉన్నదున్నట్టు చెప్పు. నేనక్కడే ఉంటాగా."

చెప్పాను. మళ్ళీ అవసరమొస్తే మానేస్తావా అని అడిగారు. మానేస్తానన్నాను. ఏడాది వేశారు. ఆ ఉత్తర్వు టైపు చేసింది నువ్వే.

నీ ఉద్యోగం అదేలే అని సర్దుకున్నాను. నిన్న వార్డెనమ్మ నా ఫైలు చూపించింది. ఫిర్యాదు బడి వాళ్ళది కాదట. "పిల్ల అదుపులో లేదు, చెప్పిన మాట వినడం లేదు" అన్న కాగితం కింద నీ సంతకం ఉంది.

ఎందుకు పిన్నీ?

బుల్లి

* * *

బుల్లీ, తల్లీ,

సంతకం నాదే. నీ చదువు గంగలో కలుస్తోందని కంగారుపడ్డాను. అలా రాసిస్తే నిన్ను బడికి పంపించి, అక్కకు తోడుగా ఒక ఆయాను పెడతారని బడి హాజరు చూసే అధికారి చెప్పాడు. నమ్మాను. పదకొండేళ్ళుగా అవే ఉత్తర్వులు కొడుతున్నదానివి, ఎలా నమ్మావంటావు. బడి ఎగ్గొట్టినందుకు, ఇల్లు వదిలి వెళ్ళినందుకు, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పినందుకు ఎందరిని లోపల వేశారో నా వేళ్ళకు తెలుసు. బుర్రలోకి మాత్రం ఎక్కనివ్వలేదు. వాళ్ళెవరూ నా పిల్లలు కారు కదా.

పిల్లల్ని ఇలా లోపల వేసే చట్టం మార్చడానికి ప్రభుత్వం వేసిన సంఘం ముందుకి వెళ్ళాను. "మా అక్క కూతుర్ని నేనే పట్టిచ్చాను" అని చెప్పాను. తలుపులు వేసుకుని విన్నారు, పేర్లు బయటపెట్టరు. అయినా మా ఆఫీసులో ఎలాగో తెలిసిపోయి, కోర్టు సంగతులు బయట మాట్లాడానని నా ఉద్యోగం తీసేశారు. ఇప్పుడు అక్కను నేనే చూసుకుంటున్నాను. నువ్వు తిరిగొచ్చేలోగా అక్కకి కూడా చెప్పేస్తాను. తిట్టినా పడతాను. దాచుకుని బతకడం నా వల్ల కావడం లేదు.

పిన్ని

* * *

పిన్నికి,

నీ ఉత్తరానికి ఏడు నెలలుగా జవాబు రాయలేకపోయాను. చట్టం మారిందట. నేరం చేయని పిల్లల్ని ఇకమీదట తాళం వేసి ఉంచకూడదని నిన్న మమ్మల్ని నిలబెట్టి చదివి వినిపించారు. పద్నాలుగు మందిమి సోమవారం ఇళ్ళకు వెళ్తున్నాం. నీ మాట కూడా అందులో పనిచేసే ఉంటుంది, కాదనను. నా కోపం మాత్రం పోలేదు. ఎప్పుడు పోతుందో చెప్పలేను.

అమ్మ ఉత్తరం చూస్తే నువ్వింకా చెప్పలేదని అర్థమైంది. చెప్పొద్దు. "నా చెల్లెలే లేకపోతే ఏమైపోయేదాన్నో" అని రెండుసార్లు రాసింది. చెబితే నీ బరువు దిగుతుంది, అమ్మకి చెల్లెలు లేకుండా పోతుంది. ఫిర్యాదు ఎవరిదని అడిగితే బడి వాళ్ళదేనని నేను చెబుతాను.

నేను బడికి వెళ్ళాక పగలంతా ఆమె దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. మంగళవారం నుంచి ఎనిమిదింటికల్లా రా. నాతో మాట్లాడాలని చూడకు.

నీ అక్క కూతురు