రేకు మోగని పెరడు

అక్కకు, నీ పాదాలకు దణ్ణం పెట్టుకుని తమ్ముడు శ్రీను రాసేది.

ఇక్కడ లలిత, మిన్ను, నేను బాగానే ఉన్నాం. నువ్వు, బావగారు, పిల్లలు, మీ అత్తగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అత్తగారి ఆయాసం తగ్గిందా? నీ వీసాకి అపాయింట్‌మెంట్ దొరికిందా? దొరకగానే చెప్పు, టిక్కెట్టు సంగతి నేను చూసుకుంటాను. లలితకి నెలలు దగ్గర పడుతున్నాయి. డాక్టరమ్మ అంతా సవ్యంగా ఉందంది, నువ్వేమీ కంగారు పడకు.

చేతిలో ఫోనుండగా వీడికి ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. ఫోన్లో ఈ సంగతి ఎత్తితే నువ్వు మాట మార్చేస్తావు. "ఉండరా, పొయ్యి మీద కూర మాడిపోతంది" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను, నీ కంటికి శ్రమ లేకుండా అక్షరాలు పెద్దవి చేసి.

రోజూ రైల్లో ఇంగోల్‌స్టాట్ పోయి వస్తున్నాను. కార్ల సీట్ల కింద ఉండే ఇనుప భాగాలు గట్టివో కావో పరీక్షించే పని. పనిలో ఇబ్బందేమీ లేదు. చలి ముదిరింది. ఆదివారం వస్తే ఈ ఊరి వీధిలో మనిషి కనపడడు, కుక్క కూడా మొరగదు. మొదట్లో హాయిగా ఉండేది, ఇప్పుడు గుబులుగా ఉంటోంది. మిన్ను కీటాకి, అదే ఇక్కడి చిన్నపిల్లల బడికి, వెళ్తోంది. తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిస్తోంది. నువ్వొస్తే గానీ దాని పొగరు దిగదు. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి, చల్ల మిరపకాయలు తీసుకురా. లలిత రోజూ వాటినే తలుచుకుంటోంది.

ఇక అసలు సంగతి. మా ఇంటి ఓనరు యోసెఫ్ గారు పెద్దాయన. భార్య పోయింది, కింది వాటాలో ఒక్కరే ఉంటారు, మేం పైన. గురి చూసి కాల్చడం ఆయనకి చిన్ననాటి సరదా. ఇక్కడ ఊరూరా దానికో క్లబ్బు ఉంటుంది, మన దగ్గర భజన సమాజం ఉన్నట్టు. ఇప్పుడు నడుము పట్టేసి అక్కడికి పోలేక, పెరట్లోనే గాలి తుపాకీ కాల్చుకుంటానన్నారు. సొంత పెరట్లో చిన్న గాలి తుపాకీకి ఇక్కడ అభ్యంతరం లేదు గానీ, గుండు ప్రహరీ దాటే వీలే ఉండకూడదు. గురి వెనక గుండుని మింగేసే అడ్డు ఒకటి కట్టాలి, సాయం చేస్తావా అని నన్నడిగారు.

ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. ఇల్లు మారిపోదామని లలితతో అన్నాను. నిండు మనిషిని వెంటబెట్టుకుని, ఇళ్ళే దొరకని ఈ చోట ఎక్కడికని పోతాం? "కట్టేదేదో దగ్గరుండి మీరే కట్టండి. పిల్ల తిరిగే పెరడు" అంది తను.

శనివారం కిందికి దిగేసరికి ఆయన షెడ్డులోంచి ఒక రేకు తెచ్చారు. తనకి చూపు తగ్గిందట, గుండు తగిలితే మోగాలట, అప్పుడే సరదాట. వేలితో దాన్ని కొట్టి చూపించారు. ఠంగుమంది.

అక్కా, ఆ మోత వినగానే నేను మన తీర్థంలో ఉన్నాను. గాలి తుపాకీతో బుడగలు కాల్చే నాన్న కొట్టు. నువ్వు బుడగలు ఊది చెక్కకి కడుతున్నావు. నూనె డబ్బా విప్పి, సాపు చేసి, ఆ రేకుని నాన్న బుడగల వెనక వేలాడగట్టాడు. "సౌండు రావాల్రా శీనా. సౌండొత్తేనే జనం ఆగుతారు" అన్నాడు. జనం ఆగారు కూడా. కొన్ని తీర్థాలు బాగానే నడిచింది. ఆ రోజు ఎవరో కాల్చారు, రేకు మోగింది, వెంటనే నువ్వు అరిచావు. రేకుకి తగిలి వెనక్కొచ్చిన గుండుకి నీ ఎడమ కన్ను పోయింది. నాన్న ఆ రేకుని కాలవలో పారేశాడు. కొట్టు మానేశాడు. పోయేదాకా దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ దిష్టి అంది. ఊరంతా రాత అంది. నువ్వూ అదే అన్నావు, నేనూ అదే నమ్ముకుని పెరిగాను.

నాకొచ్చిన అరకొర జర్మన్‌లో యోసెఫ్ గారికి ఇదంతా చెప్పాను. ఆయన రేకు కింద పెట్టేసి, టోపీ తీశారు. "నువ్వెలా అంటే అలాగే" అన్నారు.

గరాజు గుడ్డిగోడకి ఆనించి దళసరి చెక్కలతో మనిషెత్తు పెట్టె చేశాం. ముందువైపు తెరిచి ఉంచి, అందులో ఇసుక వాలుగా నింపాం. ఒక్క రాయి ఉన్నా గుండు వెనక్కి వస్తుంది కాబట్టి అంతా జల్లించి పోశాను. వాన పడకుండా పైన చూరు దించాను. ఆయన తుపాకీ పట్టినంతసేపూ మిన్ను ఇంట్లోనే ఉండాలని, పెరటి గేటుకి తాళం వేయాలని ఒప్పుకున్నాం. కాల్చి చూస్తే గుండు ఇసుకలో చప్పుడు లేకుండా దిగిపోయింది.

ఆ పని చేసినన్నాళ్ళూ నాన్న నా వెనకే ఉన్నాడు. నవ్వకు. పట్టపగలే, పెరట్లో వంగి, పగిలిన బుడగల తొక్కలు ఏరుతూ ఉండేవాడు. నేను తిరిగితే ఉండేవాడు కాదు. మళ్ళీ జల్లెడ పట్టుకుంటే ఉండేవాడు. ఎందుకో తెలుసా? గోదావరి పక్కన పుట్టిన వాళ్ళం, మనకి ఇసుకకి కరువా అక్కా? బుడగల వెనక రేకు బదులు నాలుగు గోతాల ఇసుక పేర్చి ఉంటే నీ కన్ను నీకుండేది. ఇంత చిన్న సంగతి. ఇది తెలిశాక రాత అన్న మాట నా గొంతు దిగడం లేదు.

అంతటితో అయిపోలేదు. పోయిన ఆదివారం పొద్దున్నే యోసెఫ్ గారు తుపాకీ తెచ్చుకున్నారు. నేను పైన వంటగదిలో టీ పెడుతున్నాను. ఏదో పిట్ట ఆ ఇసుకని పొడుస్తోంది. టక్కు టక్కుమని బండని పొడిచినట్టు వినపడింది. ముందు వారం గాలివాన చూరు కిందికి కొట్టి ఇసుక తడిసింది, ఆ తడి చలికి గడ్డకట్టింది. గోదావరి వాణ్ణి, ఇసుక రాయవుతుందని నాకు తోచనే లేదు. ఆయనకి తోచక కాదు, నేను కట్టానన్న నమ్మకంతో చూసుకోలేదు. పిట్టని అదిలించి, ఎడమకాలు ముందుకి వేసి, తుపాకీ ఎత్తారు. నాన్న కూడా అలాగే నిలబడేవాడు.

కిటికీ తెరిచి "నాన్నా, ఆపు!" అని అరిచాను. తెలుగులోనే. నోటికి అదే వచ్చింది.

ఆయన తుపాకీ దించేశారు. నేను పరుగున దిగి ఇసుకని గుద్దితే చెయ్యి నొప్పెట్టింది. అది చూసి ఆయన మొహం పాలిపోయింది. ఏమని అరిచావని అడిగితే చెప్పాను. తరవాత ఇద్దరం ఇసుకంతా తవ్వి పోసి, పెట్టెలో పాత గుడ్డపీలికలు కూరాం. తడవకుండా చూరు ఇంకా కిందికి దించాం, పొడిగా ఉంటే అవి గడ్డకట్టవు. అయినా ఆయన తుపాకీ బీరువాలో పెట్టి తాళం వేశారు. "మీ అక్కని రానీ. ఆవిడ వద్దంటే ఆ పెట్టె విప్పేస్తాను" అన్నారు.

అందుకే నువ్వు బయల్దేరక ముందే ఇదంతా చెబుతున్నాను. ఇక్కడికొచ్చాక పెరట్లో దాన్ని చూసి నీ గుండె ఆగకూడదు. నువ్వు వద్దంటే ఆ పెట్టె ఉండదు. ఉండనీ అన్నా నువ్వున్నన్నాళ్ళూ తుపాకీ బయటికి రాదు. ఇందులో మొహమాటం ఏమీ లేదు.

బావగారికి, మీ అత్తగారికి మా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. లలిత పురుడు సుఖంగా జరగాలని దీవించు.

నాన్న మీద నాకు కోపంగా ఉంది. బెంగగానూ ఉంది. నీకు ఎప్పుడైనా కోపం వచ్చిందా అక్కా? ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేవాడేమో, ఇలా నా వెంట తిరిగేవాడు కాదేమో. నాన్నని తిడుతూ రాయి, క్షమించానని రాయి, ఏదైనా సరే. రాత అని మాత్రం రాయకు.

నీ తమ్ముడు,
శ్రీను