పెళ్లిళ్లు లేని నెల

2007 ఫిబ్రవరి 4, ఆదివారం

చర్చి నుంచి వచ్చి తాళం తీస్తుంటే లోపల ఫోన్ మోగుతోంది. అక్క. అస్సాం నుంచి ఆదివారం ఫోన్ రావడం అలవాటే. గొంతు మాత్రం వేరుగా ఉంది. కడుపు కోసి చూసి, ఏమీ ముట్టుకోకుండా మళ్లీ కుట్టేశారట. అంతే చెప్పింది. ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. అంతకన్నా విడమరచి చెప్పడం దేనికనుకుందేమో.

తర్వాత, నన్ను పిల్చుకపోవే ప్రభా, యాడన్నా సస్తా గానీ ఈడ వద్దే, వాన తప్ప ఏముండాది ఈడ, అంది. మన మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నాయన మందులు కలిపే గది ముందర బెంచీ ఇంకా ఉండాదా అని అడిగింది. ఉందన్నాను. ఆ బెంచీ తీసేసి పదేళ్లయింది.

మూడు రోజుల రైలు ప్రయాణం ఆమె వల్ల కాదు. మూడు నాలుగు గంటలైతే కూర్చోగలదని అక్కడి డాక్టర్ అన్నాడట. అంటే విమానం.

ఫిబ్రవరి 5

నాకు పోవడానికి ఒకటి, ఇద్దరం రావడానికి రెండు. మూడు టికెట్లు. ట్రావెల్స్ అతను చెప్పిన మొత్తం నా రెండున్నర నెలల జీతం. చేతికి అక్క చేయించిన గాజులున్నాయి. వాటి ఆలోచన రాలేదు.

అబద్ధం. వచ్చింది.

ఫిబ్రవరి 14

పై వాటాలో ఉండే రేఖ, అంగళ్లు అనే ఊళ్లోని ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్స్ చెప్తుంది. వాళ్ల స్టాఫ్ రూంలో ఒకడు టేబుల్ వేసుకుని క్రెడిట్ కార్డులు రాయిస్తున్నాడట. జూన్ ముప్పై లోపు కార్డు మీద లక్షన్నర ఖర్చు పెడితే దేశంలో ఎక్కడికైనా మూడు విమానం టికెట్లు ఫ్రీ. సరిగ్గా మూడు! దేవుడే పంపినట్టు అనిపించింది. ఇలా అనిపించినప్పుడల్లా నాకు భయం వేస్తుంది కూడా.

లక్షన్నర నేనేం ఖర్చు పెడతాను? రేఖ నవ్వింది. మేడమ్, మీరు ఖర్చు పెట్టాల్సిన పన్లేదు, వేరేవాళ్ల ఖర్చు మీ కార్డు గుండా పోతే సాలు, అంది. బెంగళూరులో పెద్ద పట్టుచీరల షాపు గిఫ్ట్ వోచర్లు అమ్ముతుంది. వెయ్యి రూపాయలది ఒక్కోటి. కార్డు మీద కొనడం, పెళ్లివాళ్లకు తొమ్మిది వందల డెబ్బైకి అమ్మడం, ఆ డబ్బుతో బిల్లు కట్టడం, మళ్లీ కొనడం. వోచరుకు ముప్పై పోతుంది. పోనీ. అన్నీ కలిపినా ఒక టికెట్ ధరలో సగం.

లిమిట్ నలభై వేలు ఇస్తారట. నాలుగు విడతలు.

ఫిబ్రవరి 27

కార్డు వచ్చింది. దాని మీద నా పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో. వేలితో తడిమి చూశాను.

పెళ్లివాళ్లను వెతకాల్సిన పని లేదు. మునిరత్నం ప్రెస్సులో శుభలేఖల ఇంగ్లీషు ప్రూఫులు దిద్దేది నేనే, ఎనిమిదేళ్లుగా. మదనపల్లె, పుంగనూరు, సదుం, అటు కుప్పం దాకా ఎవరింట్లో ఎప్పుడు పెళ్లో బంధువుల కన్నా ముందు నాకు తెలుస్తుంది. అక్షరం అక్షరం చూసి తప్పులు దిద్దే మనిషిని, ఇంతకాలం ఆ కాగితాల్లో ఏముందో చూడలేదు.

మార్చి 11, ఆదివారం

గురువారం వెళ్లింది పుంగనూరు రెడ్డెప్ప ఇంటికి. కూతురి పెళ్లి. పంచె ఎగగట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూశాడు. సదువు సెప్పే మేడమ్ కాగితాలు అమ్ముకుంటాండారే, కాలేజీవోళ్లు జీతం ఇయ్యల్యా ఏం, అన్నాడు. వాళ్లావిడ రెడ్డెమ్మ ఒక వోచర్ తీసి ఎండకేసి పట్టి చూసింది. దీనికి పట్టుచీర ఇస్తారా, మేం బెంగళూరు పొయ్యి నగుబాటు కావల్లనా అంది. ఇస్తారమ్మా అని నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారికి నాకే అనుమానం వచ్చింది.

చివరికి ఇరవై ఐదు తీసుకున్నారు. షాపులో చెల్లాకే డబ్బిస్తానన్నాడు రెడ్డెప్ప. చెల్లాయి. మర్నాడే తెచ్చిచ్చాడు, పైగా అరడజను మామిడికాయలు. మిగతా పదిహేనూ సదుంలో పోయాయి.

అక్కకు ఫోన్లో ఇదంతా చెప్పాను. చాలాసేపు నవ్వింది, నొప్పని ఆపుకుని మళ్లీ నవ్వింది. ఊరోళ్ల పెండ్లి చీరలు అమ్మి నన్ను కొనుక్కుంటాండావు గదే, అంది.

మార్చి 30

రెండో విడత కుప్పంలో. బస్సులో నడుము విరిగింది. రామప్ప అని, రైల్వేలో చేసి రిటైరైన మనిషి. చిన్న కూతురికి పెళ్లి. వాళ్లకు బెంగళూరు అంటే పక్కవీధి, పొద్దున రైలెక్కి సాయంత్రానికి వచ్చేస్తారు. ముప్పై తీసుకున్నాడు, మిగతా పది పక్కింటివాళ్లకు ఇప్పించాడు. మీకేం లాభం దీంట్లో అని మూడుసార్లు అడిగాడు. నష్టమే అన్నాను. నష్టానికి అమ్మేవోళ్లను నేను యాడా సూడల్యామ్మా అని భార్య వైపు చూశాడు. ఆమె, యాలయ్యా ఆయమ్మను అట్ల నిలబెట్టి అడుగుతావు అని మజ్జిగ ఇచ్చింది. అప్పుడు చెప్పాను, మా అక్కను తెచ్చుకోవాలి అని. నేను వెళ్లేప్పుడు ఆమె బొట్టు పెట్టబోయి, నా మెడలో సిలువ చూసి, చేతిలో పూలు పెట్టింది.

ఏప్రిల్ 8, ఈస్టర్

అక్క మాట్లాడింది రెండు నిమిషాలే. ఎన్ని అమ్మినావే అని మాత్రం అడిగింది. ఎనభై, అన్నాను. ఇంక డెబ్బై. అమ్మితివా, వస్తివా అంది. పరీక్షల ముందు, సదివితివా, రాస్తివా అని నన్ను అలాగే అడిగేది. తిరుపతిలో నా ఎం.ఏ. రెండేళ్లూ ఆమె మనియార్డర్ల మీదే గడిచింది.

సాయంత్రం రేఖ వచ్చింది. మేడమ్, నా దగ్గర ఎఫ్.డి. ఉండాది, తీసుకోని టికెట్లు కొనండి, జూన్ దాకా యాల కాసుకోవడం, అంది. వద్దన్నాను. సగం దారి వచ్చాక ఇప్పుడు కొంటే ఇదంతా దేనికి అన్నాను. ఆమె ఎఫ్.డి. కాగితం మడిచి మళ్లీ బ్యాగులో పెట్టుకుంది. ఆ పిల్ల అననిది నాకు వినిపించింది.

ఏప్రిల్ 15, ఉదయం 6

రాయాలి. ఎవరూ చదవరు కాబట్టి.

అస్సాంలో ఆమె ఉన్న ఇరవై రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా అక్క దగ్గరికి వెళ్లలేదు. మూడేళ్లకోసారి ఆమే వచ్చేది, రైల్లో, ట్రంకుపెట్టెతో, నాకు చేనేత శాలువాతో. నాకు సెలవులుండేవి. డబ్బు కూడా ఉండేది. వెళ్లలేదు.

ఇప్పుడు తీసుకొస్తాను. తీసుకొచ్చి? ఈ ఒక్క గదిలో ఆమె మంచం. రాత్రింబగళ్లు నొప్పి. కాలేజీకి వెళ్తే ఎవరు చూస్తారు? నాకు రోగుల వాసన పడదు, చిన్నప్పుడు నాయనకు అన్నం తీసుకుని ఆసుపత్రికి వెళ్లేది కూడా అక్కే. టికెట్లు ఫ్రీగా రావాలనే పట్టుదల డబ్బు కోసమేనా, లేక వచ్చేదాకా టైం దొరుకుతుందనా?

తెలియదు. తెలిసినా ఏం చేస్తాను.

ఏప్రిల్ 29

మూడో విడత అయిపోయింది. వైశాఖం పెళ్లిళ్లు, ప్రెస్సులో ప్రూఫులు గుట్టలు. పది రోజుల్లో నలభైకి నలభై. మరో ముప్పై కొంటే లక్షన్నర. మునిరత్నం, మే సగం నుంచి మిషన్‌కు రెస్టు మేడమ్, అన్నాడు. రిపేరు చేయిస్తాడు కాబోలనుకున్నాను.

మే 12, శనివారం

బెంగళూరు వెళ్లి ఆఖరి ముప్పై కొన్నాను. బిల్లు మీద సంతకం పెట్టాను. అయిపోయింది! ఫ్రీ టికెట్ల ఫారంలో పేర్లు రాశాను. వెళ్లేవారు: ప్రభావతి. వచ్చేవారు: ప్రభావతి, సోఫియా. ఒకసారి రాసిన పేర్లు మార్చడానికి వీల్లేదు అని కింద ఉంది. మార్చే పనేముంది. అక్కకు ఆ పేరు పెట్టింది మిషన్ ఆసుపత్రి దొరసాని. ఆ పేరు అందంగా రాయాలని రెండుసార్లు పెన్ను విదిలించాను.

ఇంకొక షరతు. బిల్లు పూర్తిగా కట్టాకే టికెట్లు. బిల్లుకు జూన్ 8 గడువు, దాటితే టికెట్లు లేవు. ముప్పై వోచర్లకు అంత టైం ఎందుకు?

మే 19

ప్రెస్సుకు వెళ్లాను. షట్టర్ సగం దించి ఉంది. మునిరత్నం స్టూలు మీద కూర్చుని పేపర్ చదువుతున్నాడు. ప్రూఫులేవి అన్నాను. ఏం ప్రూఫులు మేడమ్, అధికమాసం గదా, అన్నాడు. జ్యేష్ఠం రెండుసార్లొచ్చింది ఈ ఏడు, మొన్న గురువారం నుంచి నెల దినాలు పెండ్లిళ్లు ల్యావు, అన్నాడు. ముందే సెప్తి గదా, మిషన్‌కు రెస్టని.

ఆయనకు నా ముఖం చూసి నవ్వాగలేదు. ఇన్నేండ్లు మా పెండ్లిళ్ల కాగితాలు దిద్దినారు, పంచాంగం సూడల్యా మేడమ్ మీరు? అన్నాడు. తర్వాత నవ్వు ఆపేశాడు.

మా ఇంట్లో పంచాంగం ఎప్పుడూ లేదు. చర్చి క్యాలెండరే. అందులో మే నెలలో పెంతెకొస్తు పండుగ తప్ప ఏమీ లేదు.

మే 20

రెడ్డెప్పకు ఫోన్ చేశాను, అక్క సంగతి చెప్పి, కొనేవాళ్లెవరైనా తెలిసుంటే చెప్పమని. ఈ నెల్లో పెండ్లి బట్టలు తాకను గూడా తాకరు మేడమ్, అన్నాడు. నిజ జ్యేష్ఠం రానీ, మా తమ్ముని కొడుక్కుండాది, అన్నీ నేనే తీసుకుంటా, మీరేం దిగులు పడొద్దు. నిజ జ్యేష్ఠం జూన్ పదహారున.

మే 22

పాస్టర్ జయరత్నం గారి కూతురి పెళ్లి ఎల్లుండి. వాళ్లకు అధికమాసం లేదు. సిగ్గు చంపుకుని వెళ్లాను. విశ్వాసుల ఇంటికి గూడా యాపారం తెస్తివా అమ్మా, అన్నారు, నవ్వుతూనే. నాలుగు తీసుకున్నారు. తెల్లచీర ఎప్పుడో కొన్నారట.

ఇరవై ఆరు.

మే 27

అక్క ఫోన్ చెయ్యలేదు. నేనే చేశాను. ఒక అస్సాం అమ్మాయి ఎత్తి, సిస్టర్ స్లీపింగ్, అంది. ఆదివారం పగలు పదకొండింటికి.

జూన్ 3

ఈరోజు ఆమే మాట్లాడింది. అమ్మితివా అని అడిగింది. అమ్మేశానక్కా, అన్నాను. అన్నీనా? అన్నీ. ఇరవై ఆరు వోచర్లు నా ఒళ్లోనే ఉన్నాయి. బాగున్నాయి కాగితాలు, బంగారు అంచుతో.

బెంచీ తుడిపించి పెట్టు, అంది.

జూన్ 7, మధ్యాహ్నం 2

గాజులు అమ్మాను. షావుకారు వాటిని తూకంలో వేసేముందు, లోపలివైపు చెక్కిన అక్షరాలు చూసి, ఎవరివమ్మా అన్నాడు. నావే అన్నాను. పది నిమిషాల్లో అయిపోయింది. ఈ పది నిమిషాల పని ఫిబ్రవరి 5న కూడా పది నిమిషాలే పట్టేది.

బిల్లు కట్టేశాను.

జూన్ 13

టికెట్లు ఇచ్చారు! ఫ్రీ సీట్ల కోటా అట, దొరికిన తేదీలే. 21న పోవడం, 24న రావడం. రేఖ ప్రింట్ తీసి తెచ్చింది. ఆసుపత్రికి ఫోన్ చేసి 21 అని చెప్పమన్నాను. అక్కడి అస్సాం అమ్మాయి ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టింది. ఊపిరి వినిపించింది. 21న వస్తున్నానక్కా, విమానంలో. కిటికీ పక్కన సీటు నాకేనే, అంది.

జూన్ 15, శుక్రవారం

పొద్దున 5:20కి పోయిందట. అక్కడ ఐసు పెట్టెలు లేవు, సాయంత్రమే పాతిపెడతామన్నారు. అడగలేదు, చెప్పారు. సరే అన్నాను.

జూన్ 17, ఆదివారం

చర్చి మెట్ల మీద సెల్ మోగింది. రెడ్డెప్ప. ఏం మేడమ్, నిజ జ్యేష్ఠం వచ్చె గదా, ఆ కాగితాలన్నీ నాకే పెట్టినారు గదా, వేరేవాళ్లకు ఇయ్యొద్దండి, అన్నాడు. ఉత్సాహంగా ఉన్నాడు పాపం. తీసుకెళ్లండి అన్నాను. సాయంత్రం బండి మీద వచ్చి, ఇరవై ఆరుకూ డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. అక్క బాగుండాదా, యాపొద్దు పిల్చుకొస్తారు? అని అడిగాడు. 24న అన్నాను.

జూన్ 18

రేఖ, ఇంక పోవడం దేనికి మేడమ్, అంది. తర్వాత తనే నా బ్యాగు సర్దింది.

జూన్ 24, గౌహతి ఎయిర్‌పోర్ట్

సమాధి మీద మట్టి ఇంకా తడిగా ఉంది. వాన. ట్రంకుపెట్టె లగేజీలో వేశాను. అందులో కొత్త శాలువా ఒకటి ఉంది, మడత విప్పలేదు.

కౌంటర్ అమ్మాయి రెండో ప్యాసెంజర్ ఎక్కడ అని అడిగింది. వస్తుందన్నాను, రెండు బోర్డింగ్ పాసులూ నాకే ఇచ్చింది.

ఇప్పుడు మైకులో పిలుస్తున్నారు. ప్యాసెంజర్ సోఫియా. బెంగళూరు వెళ్లే ప్యాసెంజర్ సోఫియా. ఇదే ఆఖరి పిలుపు. మూడుసార్లు పిలిచారు, ఎంతో మర్యాదగా. ఇక్కడ అందరూ తలలు తిప్పి చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను.