నడిమి ప్లేటు

8 ఫిబ్రవరి 1981, ఆదివారం

విశాఖపట్నం వెళ్లి మళ్లీ వట్టి చేతుల్తో వచ్చాను. పోయేటప్పుడు తాళ్లపాలెం దగ్గర బస్సు టైరు పేలింది. వచ్చేటప్పుడు అదే చోట ఇంకో బస్సుది పేలింది. పాత పోస్టాఫీసు దగ్గర ఓడలవాళ్లు వదిలించుకున్న రికార్డులు కొని అమ్మే తాతబ్బాయి, నన్ను చూడగానే లేదండీ అని చెయ్యి తిప్పేశాడు. నేనింకా నోరే తెరవలేదు.

ఎవరూ చదవని డైరీ కాబట్టి నా గోడు రాసుకుంటాను. నా దగ్గర పదకొండు ఎల్పీ రికార్డులున్నాయి. ఒక్కదాన్నీ ఈ ఊళ్లో పాట అనరు. ఒకదాంట్లో జర్మనీవాడెవడో మిషన్లనీ గంటల్నీ కలిపి ఇరవై నిమిషాలు మోగిస్తాడు. ఇంకోదాంట్లో ఆర్గన్ మీద ఒకే స్వరం నొక్కిపట్టి, అది తప్పు కాదని మనం ఒప్పుకునేదాకా వదలడు. నాకవి ప్రాణం. సినిమా పాట మొదలవగానే ఎక్కడికి పోతుందో తెలిసిపోతుంది. వీటి సంగతి అలా కాదు.

పదకొండోది నత్త రికార్డు. అట్ట మీద రైలు పట్టా దాటుతున్న నత్త బొమ్మ. డబుల్ ఆల్బమ్, అంటే రెండు ప్లేట్లుండాలి. అట్టకి రెండు జేబులు, ప్లేటు మాత్రం ఒకటే. మూడేళ్ల కిందట తాతబ్బాయే అమ్మాడు. ఇంటికొచ్చి చూస్తే ఆ ఒక్క ప్లేటుకి ఒక పక్క ఒకటో సైడు, రెండో పక్క నాలుగో సైడు! ప్లేట్లు వాటంతటవే మారే మిషన్ల కోసం అలా వేస్తారట. అంటే మొదలు నా దగ్గరుంది, ముగింపు నా దగ్గరుంది, రెండో సైడూ మూడో సైడూ ఉన్న నడిమి ప్లేటు లేదు. ఒకటో సైడు చివర ఒక ఆడమనిషి గొంతు నాలుగు స్వరాలు అని ఆగిపోతుంది. నాలుగో సైడు మొదట్లో అవే నాలుగు స్వరాలు ఒక ముసలాయన అంటాడు. మధ్యలో ఏం జరిగింది? మూడేళ్లుగా అన్నం తింటున్నా అదే, పాఠం చెబుతున్నా అదే.

ఖాళీ జేబులో కరెంటు బిల్లులు పెట్టుకోవచ్చు కదా అంది మా ఆవిడ వర్ధనం.

9 ఫిబ్రవరి

ఖాళీ జేబులో కరెంటు బిల్లు పెట్టింది.

1 మార్చి, ఉదయం 5-30

నిద్ర లేచాను అనకూడదు, లేపారు. శివరాత్రి పందిరి కోసమని కొండబాబు సౌండ్ సర్వీసు వాడు హారన్ తెచ్చి సరిగ్గా మా కిటికీ ఎదురు స్తంభానికి కట్టాడు. హలో హలో వన్ టూ త్రీ అన్నాడు. ఊరుకున్నాను. తరవాత తన టెస్టు ప్లేటు వేశాడు. ఈ ఊళ్లో ఏ పందిరి వేసినా ఆ చప్పుడుతోనే మొదలు. కీచుమని ఒకటి, దాని వెనక గుడగుడమని ఒకటి, ఆ పైన గీత పడిన చోట ముల్లు ఇరుక్కుని టక్ డూం టక్ డూం అని పదిసార్లు. అర నిమిషం వేసి తీస్తాడు. అయిదు నిమిషాలాగి మళ్లీ వేస్తాడు. నిన్న నేను తొమ్మిదో తరగతికి ఉష్ణం పాఠం చెబుతుంటే వెనక బెంచీలోంచి టక్ డూం అని వినిపించింది. క్లాసంతా నవ్వింది.

సంగీతమంటే ఏమిటో తెలీని వాళ్ల చేతిలో యాంప్లిఫయర్లు పెట్టారు. ఎవరిని అనుకోను!

4 మార్చి

నత్త రికార్డు పెట్టాను. వోల్టేజీ పడిపోయి ఆడమనిషి మగవాడయ్యాడు. కట్టేశాను.

22 మార్చి

ఇవాళ స్కూలు మేష్టర్లు నలుగురిని కాఫీకి పిలిచి ఒకటో సైడు వినిపించాను. వినిపించడం నాదే బుద్ధితక్కువ. తెలుగు మేష్టారు మూడు నిమిషాలకి చెప్పులు వెతుక్కున్నారు. డ్రిల్లు మేష్టారు మాత్రం చివరిదాకా కూర్చుని, ఏటండీ ఇది, రిపేరుకొచ్చిందా అని అడిగారు. మిషను రిపేరుకి ఎవరికివ్వాలో కూడా చెప్పారు. కొండబాబుకి ఇవ్వాలట.

నాకు ఈ ఊళ్లో ఒక్క మనిషి కావాలి. కదలకుండా కూర్చుని మొత్తం విని, మధ్యలో ఏం జరిగుంటుందండీ అని నన్నడిగేవాడు. పన్నెండేళ్లుగా ఉంటున్నాను, ఒక్కడు దొరకలేదు. దుఃఖంగా ఉంది.

29 మార్చి

వీధి కమిటీకి అర్జీ రాశాను. పరీక్షల రోజులు, పిల్లల చదువులు, ముసలివాళ్ల నిద్రలు అన్నీ కలిపి రాశాను. ముఖ్యంగా ఆ టెస్టు ప్లేటు. దాన్ని సంగీతానికి జరిగే అవమానం అని వర్ణించాను. మొదటి సంతకం నాది. ఇంటింటికీ తిరిగి నలభై రెండు పెట్టించాను. కమిటీ ప్రెసిడెంటు సుందరరామయ్య గారు, మా ఇంటి ఓనరే, అర్జీ రెండుసార్లు చదివి, బాగా రాశారు యాజులూ, ఇంత కోపం ఉందనుకోలేదు అన్నారు.

3 మే, ఆదివారం

జయం. వీధి మొదట్లో పెళ్లి. మళ్లీ తెల్లారకుండానే టక్ డూం. కమిటీ మొత్తం బనియన్లతోనే బయటికొచ్చింది. ఏడు గంటల లోపు ప్లేటు వెయ్యనని కాగితం రాసివ్వమన్నారు సుందరరామయ్య గారు. కొండబాబు, నలభై ఏళ్ల మనిషి, తల అడ్డంగా ఊపాడు. హారన్ కట్టినోడు టెస్టు సెయ్యకండా ఎలాగండీ, ముహూర్తం కాడ గొంతు పోతే నన్ను తంతారు గదా అన్నాడు. అయితే రాసిచ్చేదాకా సెట్టు కమిటీ షెడ్డులో ఉంటుందన్నారు. యాంప్లిఫయరు, హారన్లు లోపలికి వెళ్లాయి. ప్లేట్ల పెట్టె కూడా పెట్టించండి, లేకపోతే రేపు ఇంకొకడి సెట్టు అద్దెకి తెచ్చి వేస్తాడు అని సలహా ఇచ్చింది నేనే.

రేకుల షెడ్డు. మే నెల. నాలుగు రోజుల్లో ఆ ప్లేట్లన్నీ అప్పడాలవుతాయి. ఊరికి మేలు. హాయిగా నిద్ర పోతాను.

6 మే

కొండబాబు స్కూలు గేటు దగ్గర కనిపించాడు. రోలుగుంట పెళ్లి పోయింది, కోటవురట్ల పెళ్లి పోయింది అన్నాడు. నాతో కాదు, గేటుతో చెప్పినట్టు చెప్పాడు. నేను గడియారం చూసుకుని లోపలికి వచ్చేశాను.

10 మే, ఆదివారం, రాత్రి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తాతబ్బాయి ఇవాళా లేదండీ అన్నాడు. విసిగిపోయి, ఎప్పుడైనా దొరికితే ఒక్క కార్డు ముక్క రాయవయ్యా అని పోస్టుకార్డు మీద నా అడ్రసు రాసిచ్చాను. ఇన్నేళ్లలో నా ఊరేదో నేను చెప్పలేదు, అతనడగలేదు. అతను కార్డు చదివి, నర్సీపట్నమా, మరి మీ ఊరోడే గదండీ పట్టుకెళ్లాడు, అట్ట లేకండా విడిగా ఉంటే పాత ప్లేట్లతో కలిపి ఇచ్చేసాను, ఎవరో కొండబాబని, మైకు సెట్టాయన అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. అనకాపల్లి దాటాక రేకు మీద చెయ్యి ఆనించి చురుక్కుమని తీసేశాను. అప్పుడు షెడ్డు గుర్తొచ్చింది. టక్ డూం కూడా అప్పుడే గుర్తొచ్చింది. పెళ్లి పాటల ప్లేట్ల కోసం నిమిషానికి నలభై అయిదు చుట్ల స్పీడులో పెట్టిన మిషను మీద ముప్ఫై మూడు చుట్ల ప్లేటు వేస్తే అలాగే కీచుమంటుంది. ఆ మాత్రం నాకు తెలియాలి. నేను సైన్సు మేష్టర్ని.

మూడేళ్లుగా మా కిటికీకి ఎదురుగా వినిపిస్తున్నది అదే. నేను సంతకాలు పెట్టించింది దాని మీదే.

దిగగానే సుందరరామయ్య గారింటికి పరిగెత్తాను. ఆయన పొద్దున్నే అన్నవరం వెళ్లారట. అట్నుంచి రాజమండ్రి, కూతురింటికి. గురువారం గానీ రారట. తాళంచెవి మొలతాడుకే ఉంటుందట.

11 మే, మధ్యాహ్నం 2-00

షెడ్డు రేకుల మీద నీళ్లు పోస్తున్నాను. తాళం పగలగొడదామనుకున్నాను, నలభై రెండు సంతకాలు గుర్తొచ్చాయి. గోనెసంచులు తడిపి పరిచాను. పది నిమిషాల్లో ఆరిపోతున్నాయి. వీధంతా అరుగుల మీద కూర్చుని చూస్తోంది. మేష్టారు శని పట్టి తిరుగుతున్నారని ఎవరో అన్నారు. కాదనలేకపోయాను.

వర్ధనం రెండో బకెట్టు తెచ్చిచ్చింది. ఎందుకని అడగలేదు. అడిగితే బాగుండును.

12 మే

నిచ్చెన మీదుండగా కింద కొండబాబు. ఏటి సేస్తన్నారు మేస్టారూ అన్నాడు. చెప్పాను. నిచ్చెన మీంచే మొత్తం చెప్పాను. నత్త, రెండు జేబులు, తాతబ్బాయి, పోస్టుకార్డు.

తిడతాడనుకున్నాను. అతను ముందు ఊగుతున్న నిచ్చెన కాలు పట్టుకున్నాడు. తరవాత, ఆ కాయితం నాను సూసాను, మొదటి సంతకం మీదే అన్నాడు. అవునన్నాను. ఆ ప్లేటు నడిమి ముక్కే గదండీ, నాకు ముందే తెలుసు అన్నాడు.

ఎలా తెలుసని అడిగాను. టెస్టుకి జోరుగా ఏస్తానండీ, హారన్ గొంతు తెలాలి గదా, గానీ మజ్జాన్నం కొట్టు మూసీసి నా మట్టుకు నాను నెమ్మదిగా పెట్టుకుంటాను అన్నాడు. మూడేళ్లుగా వింతన్నాను, అందులో ఎవులో దేనికోసమో ఎతుకుతున్నట్టుంతాది, అది దొరకదు, మొదలూ నేదు సివరా నేదు, మిగతా ముక్క ఏ మారాజు కాడుందో అనుకునేవోణ్ని అన్నాడు.

దిగలేక నిచ్చెన మీదే కూర్చున్నాను. ఏడుపొచ్చింది. బకెట్టు ఇలాగియ్యండి, బేగి ఆరిపోతాంది అని అతను పైకి ఎక్కాడు.

13 మే

ఇద్దరం పోస్తున్నాం. ఎండ నూట పన్నెండు డిగ్రీల ఫారన్‌హీట్ అని రేడియోలో చెప్పారట.

14 మే, గురువారం

సుందరరామయ్య గారు ప్రసాదం పొట్లంతో దిగారు. ప్రసాదం తరవాత తీసుకుంటాను, తాళంచెవి ఇవ్వండి అన్నాను. అర్జీ మీదే కదయ్యా అన్నారు. నాదేనండీ, తప్పయిపోయింది అన్నాను. వీధిలో అందరి ముందూ అన్నాను. కొండబాబు తల వంచుకుని నిలబడ్డాడు.

పెట్టెలో పైనున్న పెళ్లి ప్లేట్లు వంకర్లు పోయాయి. అడుగున, మేం పోసిన నీళ్లు కారి తడిసిన గోడ పక్కన, అదొక్కటి. లేబులు మీద టెస్టు అని కాగితం అంటించి ఉంది. తడి చేసి ఊడదీశాం. కింద నత్త. రెండో సైడు.

అంచు కొద్దిగా అలలా లేచింది. మా ఇంట్లో పెట్టాం. కుర్చీ వేస్తే అతను కింద కూర్చున్నాడు, నేనూ కిందే కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు సైడులు వరసగా విన్నాం. ముల్లు అల మీద లేస్తూ పడుతూ నడిచింది. ఇరుక్కున్న చోట అతను వేలితో ముట్టించి దాటించాడు, అలవాటైన వేలు. మధ్యలో ఆ నాలుగు స్వరాలు ఎవరూ అనరు. వాయిద్యాలు మూడో స్వరం వరకు వస్తాయి, నాలుగోది దొరక్క వెనక్కి పోతాయి. నలభై నిమిషాలు అంతే. నాలుగో సైడులో ముసలాయన మొత్తం అనేసరికి కొండబాబు మొహం తుడుచుకున్నాడు. ఈయన ఆవిడికి ఏటవుతాడు మేస్టారూ అని అడిగాడు.

తెలీదన్నాను. నిజంగా తెలీదు. ఆ ప్రశ్న అడిగే మనిషి కోసమే పన్నెండేళ్లు చూశాను.

16 మే

ప్లేటు నాకిమ్మన్నాను. ఇవ్వనన్నాడు. పాడైన పెళ్లి ప్లేట్లన్నిటికీ బదులు కొత్తవి కొనిస్తానన్నాను. అయ్యెలాగూ కొనాలి గదండీ మీరు అన్నాడు. పోనీ మొదలూ సివరా నాకిచ్చెయ్యండి, నాను దాచుకుంటాను అన్నాడు. ఎంత పొగరు! అరుచుకున్నాం. మైకోళ్లకి సంగీతం ఎందుకన్నాను. అన్నాక నోరు కరుచుకున్నాను. అతను ప్లేటు తువ్వాల్లో చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఇద్దరూ ఇద్దరే అంది వర్ధనం.

7 జూన్

పెళ్లి ప్లేట్లు పద్దెనిమిది కొని కొండబాబు కొట్లో దింపాను. టీ తెప్పించాడు. రికార్డు మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లేస్తుంటే, ఇరవై ఒకటిని మీ వీధిలో పెళ్లికి నాదే సెట్టు, మొదట మీరెయ్యండి అన్నాడు. అర్థం కాలేదు. బస్టాండు దాకా నడిచాక అర్థమైంది. తెల్లారకుండానే ప్లేటు వెయ్యనివ్వమని సుందరరామయ్య గారికి ఇంకో అర్జీ రాయాలి. నలభై రెండు సంతకాలు మళ్లీ. ఖర్మ.

21 జూన్, ఆదివారం, ఉదయం 5-22

ఒకటో సైడు అయింది. ఆవిడ నాలుగు స్వరాలూ అనేసింది. కిటికీ రెక్కలు రెండూ తీసి టార్చి ఒకసారి వెలిగించాను. వీధి చివర స్తంభం మీది హారన్‌లోంచి కొండబాబు రెండో సైడు అందుకున్నాడు. ముప్ఫై మూడులో. అరుగుల మీదికి ఒక్కొక్కరే వస్తున్నారు, ఎవరూ ఏమీ అనడం లేదు. ప్లేటు తిప్పి, నాలుగో సైడు మీద ముల్లు పట్టుకుని కూర్చున్నాను.