గొట్టంలో పేరుకున్న నూగు

వదినా,

మేమంతా క్షేమం, అది నీ చలవే. బట్టలారబెట్టే మిషన్ వేడిగాలి ఎటు పోతోందని పోయిన కార్డులో అడిగావు కదా, మెకానిక్‌ను పిలిపించాను. మిషన్ జరిపితే వెనక ప్లాస్టిక్ గొట్టం నలిగిపోయి, లోపలంతా బట్టల నూగు పేరుకుని ఉంది. ఒకచోట మాడింది కూడా. “ఇంకో వారం ఆగుంటే అంటుకునేదమ్మా!” అన్నాడతను. ఆ గోడకవతలే మా అత్తగారి మంచం. ఇప్పుడు రేకు గొట్టం బిగించి, గాలి నేరుగా బయటికి పోయేలా చేశాడు. మిషన్ లోపలి జాలీలో చేరే నూగు ప్రతిసారీ నేనే తీస్తున్నాను.

అన్నయ్య మోకాలినొప్పి తగ్గిందా? చంటిదాని స్వెటరుకు కొలతలు రాయి. మీ మిషన్ వెనక కూడా ఒకసారి చూపించు.

నీ ప్రశ్న చదివి “వదినకు చాదస్తం” అని మా ఆయనతో నవ్వాను. తప్పయింది. ఆ చాదస్తం నీకు నిండు నూరేళ్లూ ఉండాలి.

నీ ఆడపడుచు