శ్రుతి దించుకున్న వయొలిన్లు

శనివారం, ఊరిగాం

ఈరోజు మా చర్చిలో జాజ్ కచేరీ అయింది. బెంగళూరు నుంచి శాక్సఫోన్ ఆయన, నలుగురు వయొలిన్ల వాళ్లు వచ్చారు. పైప్ ఆర్గన్ నేనే వాయించాను. మా ఆర్గన్ శ్రుతి వాళ్లకంటే కొంచెం తక్కువ. దాని గొట్టాలు కోసి పొట్టి చేస్తే తప్ప అది పెరగదు. అందుకని వాళ్లే తీగలు వదులు చేసుకున్నారు. నలుగురూ నా ఒక్క స్వరం కోసం చెవి ఒగ్గి కూర్చుంటే గర్వంగానే అనిపించింది.

కచేరీ అయ్యాక శాక్సఫోన్ ఆయన, "మాతో వచ్చేయమ్మా, ఊరూరా వాయిద్దాం" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పాస్టర్ గారు అందుకున్నారు.

"యాడికప్పా? ఈ పాప పోతే ఆదివారం ఆరాధన ఎట్ల? ఇంగ ఆర్గన్ ముట్టేవాళ్లు యెవురుండారు ఈడ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వాను నేను? వస్తాననడానికి ఎంతసేపు పడుతుంది?

వ్యాన్ ఎక్కేముందు వాళ్లు చర్చి మెట్ల మీద కూర్చుని, రేపటి కచేరీ కోసం తీగలు మళ్లీ బిగించుకుంటున్నారు. నేను లోపలికి వెళ్లి, తలుపులు తెరిచే ఉంచి, పొద్దున వాళ్లకిచ్చిన స్వరాన్నే నొక్కి పట్టుకున్నాను. బయట ఒక్క తీగ కూడా దానితో కలవలేదు.

రేపు ఆదివారం.