సీతాలు దవడ గడ్డకు పేరు కావలెను

శ్రీయుత ఆరోగ్య శాఖాధికారి గారి సముఖమునకు, పోర్ట్ బ్లెయిర్.

జంగ్లీఘాట్ రేవులో చేపలు వేటాడి బ్రతుకు పోలిరాజు వ్రాయించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య సీతాలు కుడి దవడ గడ్డనుండి రెండవసారి ముక్క తీయించి, మద్రాసు పంపి, అది ఏ గడ్డయో తేల్పించుట గురించి.

తమరు తెలుగువారని రేవులో అనుకోగా విని, హిందీలో వ్రాయించిన కాగితం చింపేసి తెలుగులో వ్రాయిస్తున్నాను. వ్రాసేది యిర్మియాగారు. పూర్వం ఆఫీసులో పనిచేశారు, ఇప్పుడు మా వీధి ప్రార్థన మందిరంలో పాటలు పాడిస్తారు. మర్యాద మాటలు ఆయనవి. దారి తప్పినవి నావి.

1. నా భార్య డెలానీపూర్ ఇండ్లలో గంప మోసి చేపలు అమ్ముకొను మనిషి. "వంజరం! తాజా వంజరం, దీదీ!" అని కేక వేసిన యెడల అవతల వీధిలో తలుపులు తెరుచుకొనెడివి. పోయిన వానాకాలం దవడ ఉబ్బినది. పన్నుపోటని లవంగం పెట్టితిమి. పిదప పళ్లు కదిలినవి. ఇప్పుడు నోట్లోకి చెంచా పట్టడమే కష్టం, గంజి తాగుతున్నది. కేక లేదు. గంప నెత్తిన పెట్టుకుని గుమ్మాల ముందు ఊరికే నిలబడుతోందయ్యా, ఎవరైనా చూడకపోతారా అని.

2. పళ్ల డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి దయతో వివరించినారు. దవడ ఎముకలో గడ్డలతో వచ్చేవారిలో ఎక్కువ మందికి ఉండేది పన్ను మొలిచే చోట పుట్టే గడ్డ. అది క్యాన్సరు కాదు, కానీ ఎముకను లోపలినుండి తినివేయును, సరిగా తీయనిచో మళ్లీ వచ్చును. మరికొందరికి ఎముకే ఉబ్బును, అది చాలామందికి వయసు వచ్చాక ఆగును. దవడ ఎముకలోనే క్యాన్సరు పుట్టుట అరుదు. పైకి అన్నీ ఒకేలా కనబడవచ్చును గనుక ముక్క తీసి మద్రాసులో చూపించాలి అన్నారు. అట్లే తీసినారు.

3. ఓడలో మద్రాసు వెళ్లువారు మా ఇంట ఉన్నందున, ముక్క ఉన్న సీసా మాకే ఇచ్చినారు. వెళ్లేది నా బావమరిది నూకన్న. తుపాను వల్ల ఓడ రేవులోనే ఆగిపోయినది. రోజులు గడిచేకొద్దీ సీతాలుకు నిద్ర లేదు. చిన్నప్పటినుండి చేపలు కడిగి ఐసులో పెట్టిన చెయ్యి. నేను వేటలో ఉండగా, ముక్క చెడకుండా డాక్టరుగారు సీసాలో పోసిన ఘాటు మందునీళ్లు పారబోసి, ముక్కను మంచినీళ్లతో శుభ్రంగా కడిగి, ఐసుపెట్టెలో పెట్టినది. నేనొచ్చి నెత్తి కొట్టుకుంటే, "కంపు కొట్టే నీళ్లలో ఎట్టి పంపితే కుళ్లిపోదేటి? నా ఒంటి ముక్క కుళ్లు సరుకని మద్రాసోళ్లు అనుకోరూ?" అన్నది. నూకన్న ఓడలో వంటవాళ్లను బతిమాలి ఐసు మారుస్తూ జాగ్రత్తగా తీసుకుపోయాడు. ముక్క పాడైనది, పరీక్షకు పనికిరాదు అని జవాబు వచ్చినది.

4. ఆ డాక్టరుగారికి బదిలీ అయినది. ఆ కుర్చీ ఖాళీ. రోగం పేరు లేనిదే మద్రాసు ఆసుపత్రికి పంపరు, ఓడలో రోగుల బెర్తు ఇవ్వరు. ఆఫీసు బాబును అడుగగా, "అరే భయ్యా, జ్యాదా మందికి మామూలు గడ్డే ఉంటుంది. డరో మత్, ఆగు" అన్నారు. రెండవ బాబు వయసుతో తగ్గిపోతుందన్నారు. నా భార్యకు ముప్పై దాటి చాలా ఏండ్లయినది, ఇంకే వయసు రావాలి? ఇంట్లో మా అత్త గవరమ్మ క్యాన్సరనే తేల్చేసుకుని ఏడుస్తున్నది. తలా ఒక గడ్డ ఏరుకున్నారయ్యా. మా వలలోనూ ఎక్కువ పడేవి ఏమీ చేయని కవళ్ల చేపలే. అలాగని చూడకుండా చెయ్యి పెడితే జెల్ల చేప విషపు ముల్లు దిగుతుంది.

5. యిర్మియాగారు ఇక్కడ ఇంకొక అంశం ఉండాలంటున్నారు. నాకేమీ తోచడం లేదు. భయంగా ఉంది, అంతే. ముక్క పాడుచేసింది తానే గనుక డాక్టరు సాబులు తిడతారని సీతాలు ఆసుపత్రి గుమ్మం ఎక్కనంటోంది. కోపం లేదని తమరు ఒక్క మాట కబురు పంపితే బతిమాలి తీసుకొస్తాను.

కావున ముక్క తీయగల డాక్టరుగారిని ఏ ఓడకైనా రప్పించి, రెండవ ముక్క తీయించి, ఏ గడ్డయినా సరే దాని పేరు తెప్పించి, ఆ పేరు మీద మాకు దారి చూపించవలెనని ప్రార్థన. ఇదంతా చిత్తగించి, మా మొహం చూడకపోయినా ఆమె దవడ చూడవలెను.

తమ విధేయుడు,
పోలిరాజు (వేలిముద్ర)

మళ్లీ వ్రాయునది: పైది చదివి వినిపించగా సీతాలు యిర్మియాగారి చెయ్యి పట్టుకుని ఆపింది. సగం తెరిచిన నోటితో మెల్లగా చెప్పింది, ఆయన రెండుసార్లు అడిగి వ్రాశారు. "బాబూ, వస్తానని రాయండి. ఎంత ముక్క కావాలంటే అంత కోసుకోమనండి. సీసా మాత్రం ఈపాలి నా సేతికియ్యొద్దనండి."